భూమి కింద సముద్రం లేదు బావా

పోయిన వేసవిలో మా బావ నాలుగో బోరు వేయించాడు. వినుకొండ అవతల మెట్ట చేను. తొమ్మిది వందల అడుగులు దిగినా రాతిపొడి తప్ప చెమ్మ తగల్లేదు. రిగ్గు లారీ ఆ రాత్రే ఇంకో ఊరికి వెళ్ళిపోయింది. చేలో బూడిదరంగు పొడి దిబ్బ మిగిలింది, ఇంట్లో అప్పు మిగిలింది. సరిగ్గా ఆ వారంలోనే మా ఫ్యామిలీ గ్రూపులో ఒక పోస్టు తిరిగింది. "భూమి లోపల మహాసముద్రం! పైనున్న సముద్రాలన్నిటికంటే మూడు రెట్లు పెద్దది!" కింద బొమ్మ: గుహలాంటి చోట నీలంగా నీళ్ళు, పైనుంచి వెలుతురు పడుతూ. అంత లోతుకి వెలుతురు ఎక్కణ్ణుంచి వచ్చిందని గ్రూపులో ఒక్కరూ అడగలేదు.

పొద్దున్నే బావ ఫోను.

"ఏం మేస్టారూ, చూశావా? తొమ్మిది వందల దగ్గర ఆపి తప్పు చేశామంటావా? ఇంకో ఐదొందలు దించితే తగిలేదేమో."

నేను నవ్వాను. అవతల నుంచి నవ్వు రాలేదు. అప్పుడు తెలిసింది నవ్వకూడదని.

నేను విజయవాడలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. బోరు ఎక్కడ వేయాలో నాకు తెలియదు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేలో తిరిగేవాళ్ళ మీద ఉన్నంత నమ్మకం బావకి నా మీద లేదు కూడా. కానీ ఆ వార్తలోని నీళ్ళు ఏ రూపంలో ఉన్నాయో మాత్రం తెలుసు. అయినా ఆ పూట చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ ఒక అభిప్రాయం నాలో గట్టిపడుతూ వచ్చింది. "భూమి కింద సముద్రం" అనేది అతిశయోక్తి అయితే నాకు పేచీ లేదు, కొంచెం తగ్గించుకుని చదువుకుంటాం. అది తప్పు మాట. ఎంత తగ్గించుకున్నా తప్పుగానే మిగిలే మాట.

ఆ పోస్టు రెండు వేర్వేరు సంగతులు కలిపి వండిన కలగూరగంప. మొదటిది 2014 నాటిది. బ్రెజిల్లోని జుయీనా దగ్గర దొరికిన ఒక వజ్రంలో రింగ్‌వుడైట్ అనే ఖనిజం కణం కనిపించింది. వెంట్రుక మందం మించని కణం. అందులో బరువుకి ఒకటిన్నర శాతం దాకా నీరుందని తేల్చారు. అది పుట్టేది 500 కిలోమీటర్లు దాటిన లోతులో. అక్కడి పొర అంతా అలాగే నీరు పట్టి ఉంటే ఎన్ని సముద్రాలకు సమానమో లెక్క కట్టారు. రెండోది 2018లో నేచర్ పత్రికలో వచ్చింది. పసిఫిక్ సముద్రంలోని మరియానా అగాధం దగ్గర సముద్రం అడుగున భూకంప యంత్రాలు పెట్టి చూస్తే, పలకతోపాటు (భూమి పైపెంకు ఇలాంటి పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది) లోపలికి పోతున్న నీరు ప్రపంచం మొత్తానికి ఇదివరకు వేసుకున్న అంచనాకు మూడు రెట్లు ఉండొచ్చని తేలింది. మొదటిది లోపలున్న నిల్వ, రెండోది కొత్తగా పడుతున్న జమ. బ్యాంకులో ఉన్న డబ్బునీ నెలనెలా పడే జీతాన్నీ కూడేసి ఆస్తి ఇంత అని చెప్పినట్టుంది ఆ పోస్టు.

నన్ను పట్టుకున్నది రెండో సంగతి. అందులో హీరో ఒక రాయి.

సముద్రపు పలక అగాధం దగ్గర వంగి ఇంకో పలక కిందికి దూరుతుంది కదా, ఆ చోటునే సబ్‌డక్షన్ జోన్ అంటున్నాం. వంగేటప్పుడు పలక వీపు మీద బీటలు పడతాయి. బీటల వెంట సముద్రపు నీరు దిగి అడుగునున్న మాంటిల్ (పైపెంకు కిందున్న మందపాటి పొర) రాయిని, అంటే ఎక్కువగా ఆలివిన్ అనే ఖనిజాన్ని, తాకుతుంది. నీరు పట్టిన ఆలివిన్ సర్పెంటైన్‌గా మారుతుంది. అలా మారిపోయిన రాయి సర్పెంటినైట్. పచ్చగా, మచ్చమచ్చలుగా పాము చర్మంలా ఉంటుందని ఆ పేరు. ఈ పేరు వల్ల నాకొక చిక్కు వచ్చింది, తర్వాత చెబుతాను.

పదిహేడు క్యాన్లు

ఒకరోజు క్లాసులో పది నిమిషాలు మిగిలితే బోర్డు మీద సర్పెంటైన్ ఫార్ములా రాశాను. మెగ్నీషియం మూడు, సిలికాన్ రెండు, ఆక్సిజన్ ఐదు, హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట) నాలుగు. "ఇందులో నీరెంత?" అన్నాను. "సార్, ఇది సిలబస్‌లో ఉందా?" అని ముందు బెంచీలోంచి రావాల్సిన ప్రశ్న వచ్చింది. లేదన్నాను. సగం మంది పెన్నులు మూసేశారు. మిగిలిన సగంలో ఒకమ్మాయి నిమిషంలో చెప్పింది. ఫార్ములా బరువు 277, నాలుగు హైడ్రాక్సిళ్ళు తెగితే రెండు నీటి అణువులు, అంటే 36. పదమూడు శాతం.

పదమూడు శాతం అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. అందుకని ఇంకో మెట్టు ఎక్కాం. ఆ రాయి ఘనపు మీటరు బరువు దాదాపు 2,600 కిలోలు. అందులో పదమూడు శాతం 338 కిలోలు. ఇంటికి వేయించుకునే ఇరవై లీటర్ల క్యాన్లలో చెప్పాలంటే పదిహేడు. మా వంటింటి గట్టు కింద పట్టేంత రాతి దిమ్మలో పదిహేడు క్యాన్ల నీళ్ళు! మూసిన పెన్నులు కొన్ని మళ్ళీ తెరుచుకున్నాయి.

"మరి ఆ రాయి తడిగా ఉంటుందా సార్?"

ఉండదు. పగలగొట్టినా చుక్క రాదు, ఎండలో పెట్టినా తగ్గదు. అసలు అందులో ఉన్నది నీరు అనడం కూడా పూర్తిగా సరికాదు. నీటి నుంచి వచ్చిన హైడ్రోజనూ ఆక్సిజనూ రాతి కట్టడంలోనే ఇటుకలై కూర్చున్నాయి. కట్టడం కూలితేనే మళ్ళీ నీరవుతాయి. బావకు చెప్పలేకపోయింది ఇదే.

చెప్పలేకపోయానంటే ప్రయత్నం చేయలేదని కాదు. మిర్చితో మొదలుపెట్టాను. "నువ్వు మిర్చి యార్డుకి టిక్కీలు, అదే బస్తాలు, వేసుకుని వెళ్తావా, కాయ గలగలలాడుతూ ఉంటుందా, అయినా అందులో పది పదకొండు శాతం తేమ ఉంటుందా, రాతిలో కూడా అలాగే" అన్నాను. బావ వెంటనే అందుకున్నాడు. "తేమే అయితే కల్లంలో ఇంకో రెండు రోజులు ఎండబెడితే దిగుతుందిగా." అక్కడితో నా పోలిక పడిపోయింది. రైతుకి తెలియని తేమ నేనేం చెబుతాను!

సున్నం డ్రమ్ము

సరైన పోలిక మా ఇంట్లోనే ఉంది, ఆలస్యంగా గుర్తొచ్చింది. చిన్నప్పుడు సంక్రాంతికి ముందు వెల్ల వేయడానికి పిడుగురాళ్ళ సున్నం తెప్పించేవాళ్ళు. బట్టీలో కాల్చిన గడ్డలు, తెల్లగా, తేలిగ్గా. అమ్మ వాటిని పాత ఇనప డ్రమ్ములో వేసి నీళ్ళు పోసి మమ్మల్ని అవతలికి తరిమేది. కాసేపు ఏమీ జరగదు. తర్వాత ఒక గడ్డ చిట్లుతుంది, ఇంకోటి చిట్లుతుంది, ఇక డ్రమ్మంతా కుతకుతలాడుతూ ఆవిర్లు. పొయ్యి లేకుండా ఉడకడం నేను మొదట చూసింది అక్కడే. ఒకసారి డ్రమ్ము ఖాళీ లేక కుండలో పోస్తే కుండ నిలువునా విచ్చింది.

ఆ డ్రమ్ములో మూడు పనులు జరుగుతాయి. వేడి పుడుతుంది, గడ్డ ఉబ్బుతుంది, మిగిలిన నీరు చేతులు కాలేంత ఘాటైన క్షారమవుతుంది. పోసిన నీళ్ళలో కొంత సున్నం ఒంట్లో కలిసిపోతుంది. ఎండిన సున్నపు పొడి చేతికి పొడిగానే తగులుతుంది కానీ దాని బరువులో దాదాపు పావు వంతు నీరే. మళ్ళీ 500 డిగ్రీలు దాటేలా కాలిస్తే తప్ప వదలదు.

సముద్రం అడుగున ఆలివిన్‌కి జరిగేదీ ఈ మూడే. వేడి పుడుతుంది. నలభై శాతం దాకా ఉబ్బగలదు, ఉబ్బినప్పుడు రాయి కొత్తగా బీటలిచ్చి ఇంకొంత నీటికి దారిస్తుంది. నీరు క్షారమవుతుంది. మరియానా అగాధానికి ఇవతల సముద్రగర్భంలో సర్పెంటైన్ బురదను కక్కే గుట్టలున్నాయి. 1989లో కోనికల్ అనే గుట్టను తవ్వారు, 2001లో దక్షిణ చమోరోను, 2016 డిసెంబరు నుంచి 2017 ఫిబ్రవరి దాకా ఇంకో మూడింటిని. అక్కడ ఊరే నీటి పీహెచ్ పన్నెండున్నర దాకా ఉంది. మన సున్నపు తేటకి ఉండేది దాదాపు అంతే. అందులో సముద్రం కన్నా ఉప్పు తక్కువ. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో రాతి నుంచి ఊరిన చప్పటి నీరు. పలక దగ్గర విడుదలైన నీరే పైకి వస్తోందనడానికి అదొక సాక్ష్యం.

ఇక్కడ నా వాదనకే ఒక చిల్లు ఉంది, దాచడమెందుకు. "రాతిలోది తడి లేని నీరు" అని ఇంతసేపూ చెప్పి, ఇప్పుడు ఊరుతోంది అంటున్నాను. నిజమే, విడుదలైన నీరు నీరే. అయితే అది నిలవ ఉండదు. దారి దొరికితే పైకి వస్తుంది, దొరక్కపోతే ఎదురైన కొత్త రాతిలో మళ్ళీ ఇంకిపోతుంది. సముద్రం అనే మాటకి నాకు అడ్డం వస్తున్నది ఇదే. ఆ లోతులో ఎక్కడా మడుగు కట్టదు. సున్నం పోలికకీ హద్దుంది లెండి. డ్రమ్ములో అరగంటలో అయ్యే పని అక్కడ యుగాలు పడుతుంది.

భోగి మంటలో రేకు ముక్క

మా వీధి భోగి మంటలో పెద్దవాళ్ళు చూడకుండా పగిలిన సిమెంటు రేకు ముక్కలు వేసేవాళ్ళం. రెండు నిమిషాలకి ఢామ్మని పేలేవి. ఒకసారి పెంకు ఎగిరి నా మణికట్టు మీద పడింది, మచ్చ ఇంకా ఉంది. మా పెదనాన్న చెంబుతో నీళ్ళు తెచ్చి పోస్తూ, "రేకులో ఏం మందు కూరార్రా వెధవల్లారా" అని తిట్టాడు. ఏ మందూ లేదు. వర్షాకాలం పోయి నెలలైన, ఎండుగా కనిపించే రేకులో ఉన్నది నీరే. సిమెంటు సందుల్లోదీ, సిమెంటు ఒంట్లోదీ ఆవిరై దారి దొరక్క పేలుస్తుంది.

ఆ రేకుల్లో బలానికి కలిపే పీచు క్రైసోటైల్. అది సర్పెంటైన్ కుటుంబంలోదే. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో మన రాష్ట్రంలోనే ఆ పీచు తవ్వారు. అక్కడ డోలమైటు రాతిలోకి వేడి శిలాద్రవం చొరబడిన అంచున పుట్టింది, సముద్రంతో సంబంధం లేకుండా. ఒకే ఖనిజం ఇంకో దారిలో. (పిల్లలున్న ఇళ్ళవాళ్ళు ఈ పేరా చదివి రేకులు మంటలో వేయనివ్వకండి. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం.)

పలక దిగుతున్నకొద్దీ సర్పెంటైన్ వేడెక్కుతుంది. లోతుల్లో ఉండగలిగే రకం ఆంటిగోరైట్, 600 నుంచి 700 డిగ్రీల మధ్య అది కూడా చేతులెత్తేస్తుంది. కట్టడం కూలి నీరు బయటపడుతుంది. 70 కిలోమీటర్లు దాటిన లోతులో వచ్చే భూకంపాలకు ఇదే కారణమని చాలామంది అంటారు. అంత ఒత్తిడిలో రాయి పుటుక్కున విరగకుండా ముద్దలా సాగాలి కదా, మరి ఎందుకు విరుగుతోంది? లోపల పుట్టిన నీరు విరగ్గొడుతోందని వాళ్ళ జవాబు. జపాన్ ఈశాన్యం కింద భూకంపాలు రెండు వరసల్లో వస్తాయి, కింది వరసను సర్పెంటైన్‌కి అంటగడతారు. అందరూ ఒప్పుకోలేదు, వాదన నడుస్తూనే ఉంది. నా మణికట్టు మాత్రం ఒకవైపు మొగ్గుతుంది.

బయటపడిన నీరు పైనున్న మాంటిల్‌కి తగిలితే దాని కరిగే వేడి తగ్గుతుంది. కరిగి శిలాద్రవమై పైకి వస్తుంది. పలక దాదాపు వంద కిలోమీటర్ల లోతుకి చేరిన చోట, నెత్తి మీద అగ్నిపర్వతాల వరస ఉండేది అందుకే. మనకు దగ్గర్లో చూడాలంటే అండమాన్. మన పలక అక్కడే దిగుతోంది. 2004 డిసెంబరు 26న మంగినపూడి, సూర్యలంక తీరాల్ని ముంచిన అల ఆ అంచు కదిలితేనే లేచింది. రట్లాండ్ దీవిలో సర్పెంటైన్ పట్టిన మాంటిల్ రాళ్ళు నేల మీదే దొరుకుతాయి, బారెన్ దీవిలో అగ్నిపర్వతం 1991 నుంచి మళ్ళీ మేలుకుంది. అంతదూరం కూడా అక్కర్లేదు, మా ఇంటికి ఇరవై కిలోమీటర్లలోపు కొండపల్లి. అక్కడి క్రోమైటు రాళ్ళు సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందట ఇలాంటి అంచు మీదే పుట్టాయని కొందరు భూవిజ్ఞానులు చెబుతారు. మనం వెళ్ళేది బొమ్మలు కొనడానికి.

టిక్కీ మీద మార్కా

ఇదంతా ఎవరూ వెళ్ళి చూడని లోతు. రష్యావాళ్ళు కోలా దగ్గర ఇరవై ఏళ్ళు తొలిచి 1989లో ఆగింది 12,262 మీటర్ల దగ్గర. మరి వంద కిలోమీటర్ల కింద ఏ రాయి నీరు వదిలిందో ఎలా తెలుస్తుంది? నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇది. పేపర్లో రానిదీ ఇదే.

యార్డులో వందల టిక్కీలు కలిసిపోయినా మార్కా చూసి ఇది ఫలానావారి సరుకని చెబుతారు. నీరు కూడా మార్కా వేసుకునే తిరుగుతుంది. బోరాన్ సంగతి చూడండి. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరులో ఉండే మూలకమే. మామూలు మాంటిల్‌లో అది లేనట్టే, పది లక్షల్లో పదో వంతు పాలు కూడా ఉండదు. సముద్రపు నీటిలో పది లక్షలకి నాలుగున్నర పాళ్ళు. సర్పెంటినైట్ సముద్రం నుంచి లాక్కుని పదుల పాళ్ళలో దాచుకుంటుంది. కూలినప్పుడు నీటితోపాటు వదిలేస్తుంది. అందుకే ఆ అగ్నిపర్వతాల లావాలో ఉండాల్సిన దానికన్నా బోరాన్ ఎక్కువ.

"బోరాన్ బంకమట్టిలో కూడా ఉంటుందిగా" అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. అప్పుడు ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు, చూస్తారు. బోరాన్ రెండు రకాలు, పదీ పదకొండూ. సముద్రంలో బోరాన్-11 వాటా ఎక్కువ, మట్టిలో తక్కువ. దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ శాండ్‌విచ్ దీవుల లావాలో సముద్రం వైపు మొగ్గిన బరువైన బోరాన్ దొరికింది, అది సర్పెంటినైట్ చేతివాటం. బెరీలియం-10 ఇంకా చిత్రం. గాలిలో విశ్వకిరణాల దెబ్బకు పుట్టి, వానతో సముద్రపు బురదలోకి చేరుతుంది. అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, సుమారు 13.9 లక్షల ఏళ్ళు, కోటి ఏళ్ళు దాటితే దాదాపు మిగలదు. 1980లలో అగ్నిపర్వతాల లావాలో అది కనిపించింది. అంటే ఆకాశంలో పుట్టినది బురదలోకి, బురద పలకతో పాతాళానికి, అక్కణ్ణుంచి కొండ నోట్లోకి, ఇదంతా భూమి లెక్కలో రెప్పపాటులోనే. నీలం బొమ్మ వేసినవాడికి ఇది తెలిసి ఉంటే ఆ గుహ వేసేవాడే కాదు.

నాగలోకం

స్టాఫ్ రూములో మా ఫిజిక్స్ మేస్టారుతో ఈ గొడవ పెట్టుకున్నాను. ఆయన అన్నది న్యాయంగానే ఉంది. "సైంటిస్టులే 'ఒక సముద్రమంత నీరు' అని కొలతగా వాడుకుంటారు. పేపరువాణ్ణి అంటే ఏం లాభం? సముద్రం అనకపోతే మీ బావ ఆ వార్త చదివేవాడా?" రెండో మాటకి నా దగ్గర జవాబు లేదు, చదివేవాడు కాదు. మొదటిదానికి ఉంది. లారీలో పది ఏనుగుల బరువు సరుకుందంటే తొండాలు కనిపించాలని ఎవరూ ఎదురుచూడరు. సముద్రం విషయంలో ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే లోపలున్నదీ నీరే అంటున్నాం. కొలతా వస్తువూ ఒకటే అయ్యేసరికి బొమ్మ దానంతటదే కళ్ళ ముందుకొచ్చేస్తుంది. నేల ఎండిన చోట ఆ బొమ్మ ఖరీదు అడుగుకింత చొప్పున పడుతుంది.

ఆ మూడు రెట్ల లెక్క మీద కూడా నాకు అనుమానముంది. మరియానాలో చూసింది నీటిని కాదు, భూకంప తరంగాలు నెమ్మదించడాన్ని. సర్పెంటైన్ వల్ల నెమ్మదిస్తాయి, ఉత్త నీటి పగుళ్ళ వల్ల కూడా నెమ్మదిస్తాయి. అదీగాక అన్ని అగాధాల్లో అంతంత నీరు లోపలికి పోయి, తిరిగొచ్చేది పాత లెక్క ప్రకారమే అయితే, కోట్ల ఏళ్ళలో సముద్రాలు బాగా కిందికి దిగిపోవాలి. అలా దిగిపోయిన ఆనవాళ్ళు లేవు. అంటే జమ ఎక్కువ రాసుకుంటున్నామో, ఖర్చులో ఏదో పద్దు మర్చిపోయామో. కొంత నీరు మాత్రం చల్లగా, వేగంగా దిగే పలకల్లో ఇంకో ఖనిజానికి చేతులు మారి ఇంకా లోతుకి పోతుందనడంలో పేచీ లేదు.

ఇక ఆ పేరు తెచ్చిన చిక్కు. బుద్ధి గడ్డితిని ఫ్యామిలీ గ్రూపులో నేనే రాశాను: "అది సముద్రం కాదు, సర్పెంటైన్ అనే రాయి. పాములా ఉంటుందని ఆ పేరు." మర్నాడు పొద్దున కాఫీ కూడా తాగకముందే అదే గ్రూపులో కొత్త పోస్టు. పాతాళంలో నాగులుంటారని మనవాళ్ళు ఏనాడో చెప్పారు, ఇప్పుడు విదేశీ సైన్సు ఒప్పుకుంది, భూమి లోపల సర్పశిల! రాసింది మా పెద్దల్లో ఒకరు, వయసులో పెద్దవారు, ఏమీ అనలేను. కింద ఇరవై మూడు నమస్కారాలు. అందులో ఒకటి మా ఆవిడది.

బావకి మొన్న దసరాకి వెళ్ళినప్పుడు సున్నం డ్రమ్ము కథ చెప్పాను. ఈసారి మధ్యలో ఆపలేదు. వక్క నములుతూ విని, చేతిలో ఉన్న సున్నపు కాయ కాసేపు చూశాడు.

"దీన్ని మళ్ళీ కాలిస్తే నీళ్ళు ఎటు పోతాయి?"

"ఆవిరై పైకి."

"కొండలు పేలినప్పుడు పొగలా వచ్చేది అదేనా?"

"చాలావరకు అదే."

"ఊఁ. అంటే మన బోరుకి దీనికి సంబంధం లేదన్నమాట."

"లేదు బావా. మన బోరుకి పడిన వానే. అది రాతి పగుళ్ళలో నిలిస్తే ఉంటుంది, లేకపోతే లేదు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. చేలో కుంట తవ్విస్తే ఎంతవుతుందో కనుక్కోమన్నాడు. తర్వాత చేలోకి నడిచాం. రాతిపొడి దిబ్బ వానలకి గట్టిపడింది. పక్కింటి పిల్లలు సంచి పట్టా వేసుకుని దాని మీంచి జారుతున్నారు.